కథ చెప్పి సరిపెట్టే సమీక్షలు

చెరువుగట్టు (నల్లగొండ):

మిత్రులకు నమస్కారం. నల్లగొండలో కొద్దిమందిమి కలిసి ఆదివారం సాయంత్రాలు విదేశీ కళాత్మక చిత్రాలు, డాక్యుమెంటరీలు చూస్తున్నామని, చూసిన ప్రతి చిత్రానికీ ఒకరు సమీక్ష రాయాలని నియమం పెట్టుకున్నామని ఈ చర్చావేదికలో చాలామందికి తెలుసు. ఇప్పటిదాకా వచ్చిన సమీక్షలన్నీ ఒకచోట పెట్టుకొని చదివితే నాకు కొంత నిరాశ కలిగింది. ముప్పావు వంతు కథ, ఆపైన కాన్ చిత్రోత్సవంలోనో వెనిస్ చిత్రోత్సవంలోనో వచ్చిన బహుమతి ప్రస్తావన, చివరికి "ఛాయాగ్రహణం కనువిందు, కథనం కొంచెం నెమ్మది, ఓపిక ఉన్నవారు తప్పక చూడాలి" అనే ముక్తాయింపు. ఆ ముక్తాయింపును ఒక సమీక్షలోంచి తీసి ఇంకో దానికి తగిలించినా పట్టుకునేవారు ఉండరు.

మొన్న షాంతాల్ అకెర్మాన్ 1975లో తీసిన 'జాన్ డిల్‌మన్' చూశాం. నిడివి 201 నిమిషాలు. సైట్ అండ్ సౌండ్ పత్రిక పదేళ్లకోసారి విమర్శకుల ఓట్లతో వేసే జాబితాలో 2022లో మొదటి స్థానం దీనికే దక్కింది. మా సమీక్షకుడు "బ్రస్సెల్స్‌లో ఒక వితంతువు మూడు రోజుల దినచర్య, మరీ నెమ్మది" అని రాశాడు. అందులో అబద్ధం లేదు. అయితే మొదటి రోజు కెమెరా వంటింట్లో ఒక్కచోటే నిలబడి, ఆమె ఏ పని తర్వాత ఏ పని చేస్తుందో, ఏ గది దాటగానే ఏ లైటు ఆర్పుతుందో మనకు కంఠతా వచ్చేలా చూపిస్తుంది. కాబట్టే రెండో రోజు ఆలుగడ్డలు మరీ ఉడికి పాడైపోయి, ఆ గిన్నె పట్టుకొని ఎక్కడ పారబోయాలో తోచక ఆమె ఇల్లంతా తిరుగుతుంటే, డబ్బులు దాచే పాత్ర మీద మూత పెట్టడం మరిచిపోతే, మన గుండె దడదడలాడుతుంది. నెమ్మది అనేది ఆ చిత్రానికి లోపం కాదు, పనిముట్టు. ఈ సంగతి సమీక్షలో ఒక్క ముక్క కూడా లేదు. అసలు సమీక్షలో కథ ఎంత ఉండాలి, మిగతాది ఏముండాలి అని సభ్యుల అభిప్రాయం అడుగుతున్నాను.

వనపర్తి రాజవీధి:

చెరువుగట్టు గారి నిరాశ అర్థమైంది గానీ, కథ చెప్పడాన్ని అంత తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. మా వంటి ఊళ్లలో ఈ చిత్రాలు థియేటర్ మొహం చూడవు. ఫోన్లో చూద్దామన్నా కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెత్తుతుంటాయి. వాటిని చదివే లోపల బొమ్మ పోతుంది, బొమ్మ చూసే లోపల మాట పోతుంది. తెలుగులో కథ ముందే చదివిన మనిషికి ఆ బెంగ ఉండదు. పైగా సమీక్ష చదివి చిత్రం చూసేవారికన్నా, సమీక్ష చదివి ఊరుకునేవారే ఎక్కువమంది. వారికి కథ కూడా చెప్పకపోతే ఇక మనం ఇచ్చింది ఏమిటి?

దేవరకొండ ఖిల్లా:

రాజవీధి గారూ, కథ చెప్పండి, కానీ చిత్రం ఏ వరుసలో చెప్పిందో ఆ వరుసను చెడగొట్టకండి. ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియరొస్తామీ 'క్లోజప్' 1990 నాటిది. సబ్జియాన్ అనే బీదవాడు తానే దర్శకుడు మొహ్సెన్ మఖ్మల్‌బాఫ్‌నని చెప్పి టెహ్రాన్‌లో ఒక కుటుంబాన్ని నమ్మిస్తాడు, దొరికిపోతాడు. ఇది నిజంగా జరిగిన సంగతి. కియరొస్తామీ కోర్టు విచారణను చిత్రీకరించడంతో ఆగకుండా, మోసపోయినవారి చేత, మోసం చేసినవాడి చేత జరిగిందంతా మళ్లీ ఆడించాడు.

మొదట్లోనే అరెస్టు ఉంది. అయితే విలేకరి, పోలీసులు ఇంట్లోకి వెళ్లిపోతే, మనం మాత్రం గేటు బయట ట్యాక్సీ డ్రైవర్ దగ్గరే ఉండిపోతాం. అతడు ఆకుల కుప్పలోంచి నాలుగు పూలు ఏరుకుంటాడు, కాలితో ఒక ఖాళీ డబ్బాను తంతే అది వాలు రోడ్డు మీద చాలాసేపు దొర్లుతూ పోతుంది. లోపల ఏం జరిగిందో ఎంతో తర్వాత గాని చూపించడు. అప్పటికి ఆ మనిషిని కోర్టులో విని ఉన్నాం కాబట్టి, అదే అరెస్టు ఈసారి వేరే విధంగా కనబడుతుంది. సమీక్షకుడు "సబ్జియాన్ అనే నిరుద్యోగి" అని మొదలుపెట్టి వరుసగా చెప్పుకుపోతే, ఈ ఏర్పాటు మొత్తాన్ని చదును చేసినట్టే. పేపర్లో వచ్చిన వార్త మిగులుతుంది, సినిమా మిగలదు.

నెమ్మది గురించి ఒక్క మాట. బి. నర్సింగరావు గారి 'దాసి' (1988) మన తెలంగాణ గడీలో జరిగే కథే. మాటలు తక్కువ, నడక తక్కువ, అయినా అర్చనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. నెమ్మదిని విదేశీ సరుకుగా చూసేవారు ముందు దాన్ని చూసి రావాలని నా మనవి.

పాలమూరు అడ్డా:

నేను సినిమా చదువు చదివినవాణ్ణి కాదు. మా నాయన గుంపు మేస్త్రీ కింద అడ్వాన్సు తీసుకొని ఊళ్లు పట్టుకు తిరిగినవాడు. అందుచేత నా దృష్టి ఒక్క చిత్రం మీదనే నిలిచిపోయింది. లిక్సిన్ ఫాన్ 2009లో తీసిన 'లాస్ట్ ట్రైన్ హోమ్' అనే డాక్యుమెంటరీ. చైనాలో అప్పట్లో పదమూడు కోట్ల మంది వలస కార్మికులు ఏడాదికోసారి కొత్త సంవత్సరానికి ఊళ్లకు బయలుదేరేవారు. గ్వాంగ్‌జౌ స్టేషన్లో ఆ తొక్కిసలాట చూస్తుంటే దసరా ముందు రోజు బస్టాండు గుర్తుకొచ్చింది అని రాసి నేను ఊరుకోవచ్చు. అట్లా రాసిన సమీక్షలు చాలా చదివాను. పోలిక దొరకగానే పని అయిపోయిందనుకుంటారు.

ఆ చిత్రంలో తల్లిదండ్రులు కుట్టుపని ఫ్యాక్టరీలో, పిల్లలు సిచువాన్ పల్లెలో అవ్వ దగ్గర. కూతురు కిన్ చంటిదిగా ఉన్నప్పుడే వాళ్లు వెళ్లిపోయారు. ఫోన్లో ఎప్పుడు మాట్లాడినా "బాగా చదువు" అనే మాట తప్ప వాళ్ల దగ్గర వేరే మాట లేదు. ఆమె చివరికి బడి మానేసి తానూ ఫ్యాక్టరీకే పోతుంది. పండక్కి ఇల్లు చేరిన రోజున తండ్రికీ కూతురికీ మాటామాటా పెరిగి తండ్రి చేయి చేసుకుంటాడు. అప్పుడా పిల్ల సరాసరి కెమెరా వైపు తిరిగి, అసలైన నన్ను తీయాలనుకున్నారు కదా, ఇదే అసలైన నేను, అని అరుస్తుంది.

నా లెక్కలో సమీక్ష మొదలుకావలసిన చోటు ఇది. అప్పటిదాకా మనం ఆ ఇంట్లో ఎవరూ చూడకుండా కూర్చున్నట్టు అనుకున్నాం. ఆమెకు మాత్రం మనం అక్కడ ఉన్నామని మొదటినుంచీ తెలుసు. దర్శకుడు ఆ ముక్కను కత్తిరించేయగలిగీ కత్తిరించలేదు. ఉంచడం నిజాయితీయా, లేక ఆ పిల్ల అవమానాన్ని సరుకు చేయడమా అనే ప్రశ్నకు సమీక్షకుడు ఏదో ఒక జవాబు చెప్పాలి. నేను నిజాయితీ వైపే ఉన్నాను. ఆ అరుపుతో కెమెరా కూడా దోషుల వరుసలో నిలబడింది, దర్శకుడు దాన్ని దాచుకోలేదు.

మర్రిగూడ దారి:

అడ్డా అన్న లేవనెత్తిన ప్రశ్న మా ప్రాంతానిది. నల్లగొండ జిల్లా మర్రిగూడ చుట్టుపక్కల ఫ్లోరోసిస్ గురించి, అంటే నీటిలోని ఫ్లోరైడుతో పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు గురించి, ఎన్ని కెమెరాలు వచ్చి పోయాయో లెక్కలేదు. నా చిన్నతనంలో జీపు ఆగగానే ఏ ఇంటి ముందు ఆగుతుందో అందరికీ తెలిసేది. వంగిన కాళ్ల మనిషిని అరుగు మీద కూర్చోబెడతారు, గ్లాసుతో బోరు నీళ్లు తాగమంటారు, ఆ తాగడం చాలనప్పుడు మళ్లీ తాగమంటారు. తర్వాత పళ్లు చూపించమంటారు. పేరు ఎప్పుడో అడుగుతారు, కొన్నిసార్లు అడగరు. ఆ మనిషి పొద్దున లేచి బర్రెను కట్టేసుకున్నాడా, కొడుకు పెండ్లికి అప్పు చేశాడా, ఎవరి మీదనైనా జోకు వేస్తాడా అనేది వారికి అక్కరలేదు. నీటిని శుద్ధి చేసే పద్ధతికి దేశమంతటా 'నల్గొండ టెక్నిక్' అని పేరు, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడును తేర్చే పద్ధతి అది. జబ్బుకూ మా పేరే, మందుకూ మా పేరే, మధ్యలో మనుషులు మాత్రం పేరు లేని ఎముకలు.

ఈ నేపథ్యంతో నొరియాకి సుచిమొటో అనే జపాన్ దర్శకుడి చిత్రాలు చూసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం చెప్పాలి. మినమాటా ఊరిలో చిస్సో కంపెనీ సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల ద్వారా మనుషుల్లోకి చేరింది. 1956లో జబ్బు బయటపడింది, కారణం కంపెనీయేనని ప్రభుత్వం ఒప్పుకోవడానికి 1968 దాకా పట్టింది. సుచిమొటో 1965లో టీవీ కోసం అక్కడికి వెళ్లినప్పుడు, తన బిడ్డను అడగకుండా తీస్తున్నారని ఒక తల్లి గట్టిగా కోప్పడింది. ఆయన చలించిపోయాడు, ఇక కెమెరా ఎత్తడమే కష్టమైంది. 1970లో తిరిగి వెళ్లినప్పుడు తన బృందంతో అక్కడే కాపురమున్నట్టు ఉండి, ఒక్కొక్క ఇంటి గడప ఎక్కి, 1971లో 'మినమాటా: బాధితులు, వారి లోకం' పూర్తిచేశాడు.

అందులో ఒక ముసలి జాలరి ఆక్టోపస్‌లను పడతాడు. నీళ్లలో నడుస్తూ, అడుగున ఉన్నదాన్ని కర్రతో పైకి లాగి, దాని కళ్ల నడుమ పంటితో కొరికి చంపి, నడుముకు కట్టుకున్న తాడుకు గుచ్చుకుంటాడు. చాలాసేపు ఆ వేటే చూపిస్తాడు. అంత నేర్పు, అంత ఆనందం ఉన్న పని చూశాక గాని, ఆ సముద్రం విషమైతే ఏం పోయిందో మనకు తెలియదు. జబ్బు కన్నా ముందు బతుకు చూపించాడు. మా దగ్గరికి వచ్చిన జీపులు ఈ వరుసను తలకిందులు చేశాయి. ఆపైన, బాధితులు తలా ఒక షేరు కొనుక్కొని, యాత్రికుల తెల్ల బట్టలు వేసుకొని, ఒసాకాలో కంపెనీ వాటాదారుల సమావేశానికి వెళ్లి అధ్యక్షుడిని నిలదీసే ఘట్టం ఉంది. అప్పటికి వాళ్లు మనకు రోగులుగా కనబడరు.

నేను కోరేది ఇంతే. డాక్యుమెంటరీ మీద రాసేటప్పుడు, తీసినవాడు తీయబడినవాడి ఎదుట ఎంతకాలం కూర్చున్నాడో, ఆ మనిషికి పేరుందో లేదో, బాధ తప్ప వేరే పని చేస్తూ ఒక్కసారైనా కనబడ్డాడో లేదో సమీక్షకుడు చూసి చెప్పాలి. ఛాయాగ్రహణం కనువిందు అనే మాట మా ఊరి అరుగు మీద కూర్చున్న మనిషికి చెప్పి చూడండి.

వనపర్తి రాజవీధి:

మర్రిగూడ వారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఆలోచించాను. ఒక సందేహం మాత్రం ఉంది. మినమాటాలో వేలెత్తి చూపడానికి కంపెనీ ఉంది, దాని అధ్యక్షుడు ఎదురుగా కుర్చీలో ఉన్నాడు. నల్లగొండలో ఫ్లోరైడు భూమిలోని గ్రానైటు రాళ్లలోంచి నీటిలో కలుస్తుంది. రాయిని నిలదీసే సమావేశం ఎక్కడా జరగదు. అటువంటప్పుడు ఆ చిత్రం కట్టడాన్ని ఇక్కడికి తెచ్చి కొలవడం ఎంతవరకు సబబు?

మర్రిగూడ దారి:

సబబైన సందేహమే. రాయి దోషి కాదు. అయితే బోర్లు లోతుకు పోయినకొద్దీ ఏం తాగుతున్నామో తెలిసి కూడా, కృష్ణ నీరు గడప దాకా రావడానికి తరాలు పట్టింది. ఆ ఆలస్యానికి ముఖం లేదు, సంతకాలు మాత్రం ఉన్నాయి. దాన్ని తెర మీద చూపడం కంపెనీని చూపడం కన్నా కష్టం. అందుకే మా మీద వచ్చిన చిత్రాలు తేలికైన దారి పట్టి ఎముకల దగ్గర ఆగిపోయాయని నా అభిప్రాయం. ఎవరైనా ఆ ఆలస్యాన్ని చిత్రంగా తీస్తే, సమీక్ష నేనే రాస్తాను.

సాగర్ ఎడమకాల్వ (మిర్యాలగూడ):

ఎముకల దగ్గర ఆగిపోవడం గురించి జర్మన్ దర్శకుడు హరూన్ ఫరోకీ 1969లోనే తేల్చి చెప్పాడు. వియత్నాంలో వేసిన, ఒంటికి అంటుకొని మండే నాపాం బాంబుల మీద ఆయన తీసిన 'ఇన్‌ఎక్స్‌టింగ్విషబుల్ ఫైర్' చిన్న చిత్రం. ఆయనే బల్ల ముందు కూర్చొని, కాలిన ఒళ్లు చూపిస్తే మీరు ముందు బొమ్మలకు కళ్లు మూసుకుంటారు, తర్వాత ఆ జ్ఞాపకానికి, తర్వాత వాస్తవాలకే మూసుకుంటారు అనే అర్థంలో మాట్లాడి, వెలుగుతున్న సిగరెట్టును తన ముంజేతి మీద ఆర్పుకుంటాడు. సిగరెట్టు 400 డిగ్రీల వద్ద మండుతుంది, నాపాం 3000 డిగ్రీల వద్ద అని ఒక గొంతు నింపాదిగా చెబుతుంది. అంతే. ఒక్క శవాన్నీ చూపించడు. తర్వాత చిత్రమంతా ఆ రసాయనాన్ని తయారుచేసే కంపెనీలో ఉద్యోగుల గురించే, తమ పని చివరికి ఎక్కడికి చేరుతుందో తెలియకుండా పనిని ముక్కలు చేసి పంచిన తీరు గురించే.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున స్పెయిన్ దర్శకుడు బునుయేల్ 1933 నాటి 'లాండ్ వితౌట్ బ్రెడ్' ఉంది. స్పెయిన్ కొండల్లో పేదరికం మీద తీసింది. ఇక్కడ మేకలు కొండ మీంచి జారిపడుతుంటాయని వ్యాఖ్యానం చెబుతుండగా, తెర అంచున తుపాకీ పొగ కనబడుతుంది. చూసే ఓపిక ఉన్న సమీక్షకుడికి ఆ పొగ ఒక్కటి చాలు. ఉత్తర కెనడా మంచు ప్రాంతపు ఇన్యూట్ జనం మీద ఫ్లాహర్టీ 1922లో తీసిన 'నానూక్' సంగతీ అంతే. లోపల వెలుతురు చాలక సగం కోసిన ఇగ్లూలో, అంటే మంచు ఇంట్లో, వాళ్ల కాపురం చూపించాడు. రైఫిళ్లు వాడుతున్నవారి చేత ఈటెలతో వేటాడించాడు. కొందరు దీన్ని మోసం అంటారు, కొందరు కళ అంటారు. తెర మీద ఉన్నదాన్ని చూడకుండా బహుమతుల జాబితా రాసేవారికి ఈ వాదనలోకి ప్రవేశమే లేదు.

కొల్లాపూర్ మామిడితోట:

అన్నలందరూ పెద్ద బరువులు ఎత్తారు. ఇంత చదివాక కొత్తవారెవరైనా డాక్యుమెంటరీ చూడ్డానికి భయపడతారేమోనని నా భయం. ఆన్యెస్ వార్దా 2000లో తీసిన 'ద గ్లీనర్స్ అండ్ ఐ' పేరు ఒక్కరూ ఎత్తకపోవడం వింతగా ఉంది. పంట కోసుకుపోయాక పొలంలో పరిగె ఏరుకునేవారి మీద చిత్రం అది. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి చేతిలో చిన్న డిజిటల్ కెమెరా పట్టుకొని ఫ్రాన్సంతా తిరిగింది. ఆలుగడ్డల్లో సైజుకు మించినవి, వంకర తిరిగినవి, హృదయాకారంలో ఉన్నవి మార్కెట్‌కు పనికిరావని లారీలతో పొలంలో కుమ్మరిస్తారు. ఆమె ఆ హృదయాకారపు గడ్డలనే ఏరి ఇంటికి తెచ్చుకుంటుంది. బత్తాయి తోట ఉన్నవారికి ఈ ముక్క చూస్తే కడుపులో తిప్పుతుంది. గ్రేడింగులో మచ్చ ఉందని పక్కకు నెట్టిన కాయ రుచి మనకే తెలుసు.

ఒకచోట ఆమె కెమెరా ఆపడం మరిచిపోతే, లెన్సు మూత తాడుకు వేలాడుతూ నేల మీద ఎగురుతున్న దృశ్యం రికార్డయింది. ఆమె దాన్ని తీసేయకుండా, వెనుక సంగీతం పెట్టి మూత నాట్యంగా మార్చింది. బజారులో మిగిలిన ఆకుకూరలు ఏరుకొని తినే ఒక మనిషిని చాలాసార్లు చూసి, మెల్లగా పలకరిస్తే, అతడు జీవశాస్త్రంలో పీజీ చేసినవాడని, రాత్రిపూట వలసవచ్చినవారికి ఉచితంగా అక్షరాలు నేర్పుతాడని తెలుస్తుంది. మర్రిగూడ అన్న అడిగిన పరీక్షలన్నీ ఈ చిత్రం నవ్వుతూ నెగ్గుతుంది. కోత మిషన్లు వచ్చాక మన పొలాల్లో పరిగె ఏరే ఆడవాళ్లు తగ్గిపోయారు. ఆ విషయం మీద నేను వేరే వ్యాసం రాస్తున్నాను, ఇక్కడ చర్చ దారి తప్పించను.

అడ్డా అన్నకు ఇంకో చిత్రం: 'హనీల్యాండ్' (2019), ఉత్తర మాసిడోనియాది. హతిజె అనే తేనెటీగల పెంపకందారు సగం తేనె తీసుకొని సగం ఈగలకు వదులుతుంది. పక్కింటికి దిగిన కుటుంబం వ్యాపారి ఒత్తిడికి మొత్తం పిండేస్తే, వాళ్ల ఈగలు వచ్చి ఈమె ఈగలను చంపేస్తాయి. ఆ కుటుంబాన్ని దుర్మార్గులుగా చూపకపోవడమే నాకు నచ్చింది. ఏడుగురు పిల్లలున్న ఇంట్లో అప్పు ఎట్లా మాట్లాడుతుందో చూపించారు. మూడేళ్లు తీశారు. బహుమతుల సొమ్ముతో ఆమెకు పక్క ఊళ్లో ఇల్లు కొనిచ్చారు.

పాలమూరు అడ్డా:

ఇల్లు కొనివ్వడం మంచి పనే, చెల్లెమ్మా. కానీ దాన్ని సమీక్షలో చిత్రానికి మార్కులు వేయడానికి వాడకూడదని నా మాట. దయగల దర్శకుడు చెడ్డ చిత్రం తీయవచ్చు. 'హనీల్యాండ్' మంచి చిత్రం కావడానికి కారణం, ఆ వ్యాపారి పక్కింటాయన మీద ఒత్తిడి పెట్టే మాటల్లో గుంపు మేస్త్రీ గొంతు నాకు స్పష్టంగా వినబడటం. ఇల్లు సంగతి వేరే పేరాలో రాయండి.

చెరువుగట్టు (నల్లగొండ):

అందరికీ కృతజ్ఞతలు. చర్చలో వచ్చినవాటిని నియమావళిగా మార్చి గోడకు అంటించే ఉద్దేశం నాకు లేదు, అట్లా చేస్తే అందరూ ఆ నియమాలనే నింపి పంపుతారు. అయితే రెండు మార్పులు చేస్తున్నాం. బహుమతుల ప్రస్తావన సమీక్షలో ఉండదు, చిత్రం పేరు కింద వివరాల్లో వేస్తాం. రాజవీధి గారి మాట మన్నించి కథను విడిగా, పొట్టిగా ముందు ఇస్తాం. అక్కడి నుంచి సమీక్షకుడు తెర మీద చూసిన ఒక దృశ్యాన్నైనా, కెమెరా ఎక్కడుందో చెప్పగలిగినంత దగ్గరగా వర్ణించాలి. వచ్చే ఆదివారం సుచిమొటో చిత్రం వేస్తున్నాం, సమీక్ష మర్రిగూడ వారిదే.

దేవరకొండ ఖిల్లా:

హంగరీ దర్శకుడు బేలా తార్ 'సాతాంతాంగో' ఎప్పుడు వేస్తారు? ఏడు గంటల పైచిలుకు ఉంటుంది.

చెరువుగట్టు (నల్లగొండ):

ఖిల్లా గారూ, మధ్యలో రెండు సార్లు చాయ్, ఒకసారి భోజనం ఏర్పాటు చేసే బాధ్యత మీరు తీసుకుంటే సంక్రాంతి సెలవుల్లో పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడదాం. జనరేటర్ సంగతి నేను చూసుకుంటాను.

కొల్లాపూర్ మామిడితోట:

భోజనంలోకి జొన్నరొట్టెలు నేను తెస్తాను. సమీక్ష మాత్రం ఖిల్లా అన్నే రాయాలి, కథతో కలిపి రెండు పేజీలు దాటకూడదు.